తాళాలు ఎవరి దగ్గరుంటాయి సార్? మూడేళ్ల శిక్షణ మీద నా మాట

ప్రొద్దుటూరులో మాది పద్యనాటకాల సమాజం. పదకొండేళ్లుగా కార్యదర్శిని నేనే. కళాసంస్థలు నడిపేవాళ్లకని ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన ఆన్‌లైన్ శిక్షణలో మూడేళ్ల కిందట చేరినాను. నెలకు రెండు క్లాసులు, మధ్యమధ్య ఫోన్లో సలహా. "ఏమప్పా, నాటకమాడేదానికి కూడా ట్రైనింగా?" అని మా హార్మోనియం మామ నవ్వినాడు. ఆడేదానికి కాదు మామా, ఆడించేదానికి అన్నా.

లెక్కల దగ్గర బాగా పనికొచ్చింది. మాకు చందాలిచ్చేది బంగారు అంగళ్లవాళ్లు, బట్టల వ్యాపారులు. దసరా ముందర చేతిలో నోట్లు పెట్టి పంపిస్తారు. చందా ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు వచ్చే 80జీ గుర్తింపు ఉంది కదా అని ఐదు వేలకు కూడా రసీదు రాసిచ్చేవాణ్ణి. నగదు 2,000 దాటితే ఇచ్చినాయనకు పన్ను మినహాయింపు రాదని అక్కడే తెలిసింది. ఎవరెంత చందా ఇచ్చినారో ఆదాయపన్ను శాఖకు చెప్పే 10బీడీ ఫారం ఏటా మే 31లోగా వేయాలని, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు కట్టాలని కూడా అక్కడే చెప్పినారు. మా ఆడిటరు ఈ ముక్క ఎన్నడూ చెప్పలేదు (నేనూ అడగలేదనుకోండి).

స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే దర్పణ్ నంబరు, కంపెనీలు సమాజసేవకిచ్చే సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి వేసే సీఎస్ఆర్-1 ఫారం, రెండూ దగ్గర కూర్చోబెట్టి చేయించినారు. సీఎస్ఆర్ డబ్బు మాత్రం ఒక్క రూపాయి రాలేదు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో కళలూ ఉన్నాయి, నిజమే. మేం అడిగినవాళ్లంతా బడికో ఆసుపత్రికో ఇచ్చేసినామన్నారు. ప్రపోజల్స్ రాస్తా ఒక ఎండాకాలం పోయింది.

క్లాసు సాయంత్రం 7కు, సరిగ్గా మా రిహార్సల్ వేళ. నోట్సు ఇంగ్లీషే. ఉదాహరణలన్నీ టికెట్ కొని చూసే నగరాలవి. మా నాటకం తిరునాళ్లలో, ఉత్తపుణ్యానికి, తెల్లవార్లూ.

రెండో ఏట సలహాదారు మేడం అడిగింది: "రేపు మీరు లేకపోతే సమాజం తాళాలు ఎవరి దగ్గరుంటాయి సార్?" కోపమొచ్చింది. మా జిల్లాలోనే 1885లో పుట్టిన సురభి నాటక సమాజానికి ఈ చిక్కు లేదు; కుటుంబమే నాటకం, పిల్లలు తెర వెనకే పెరిగినారు. మా పిల్లోళ్లు బెంగళూరులో ఉన్నారు. వారం తర్వాత రాయడానికి కూర్చుంటే డ్రెస్సులవాడి నంబరు, తబలా ఆయన అడ్వాన్సు, గుడి కమిటీతో బేరం, అన్నీ నా తలలోనే. ఇప్పుడవి రిజిస్టరులో ఉన్నాయి. మేకప్ చేసే అమ్మాయికి బ్యాంకులో రెండో సంతకం ఇచ్చినాం. కమిటీలో ఇద్దరు పెద్దలు అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

నాలుగో ఏడుకూ ఫీజు కట్టినాం. ఈసారి క్లాసులో ఆ అమ్మాయి కూర్చుంటుంది. నేను రిహార్సల్లో ఉంటా.