రెండు బూరలు కలిపి చేయించిన ట్రంపెట్: కొన్ని పెళ్లి సీజన్లు ఊదిన తర్వాత

నా ట్రంపెట్‌కు వాల్వులు (వేళ్లతో నొక్కి స్వరం మార్చే భాగం) యమహావి, బెల్లు (ముందు విచ్చుకునే వెడల్పు మూతి) మీరట్‌ది, మౌత్‌పీస్ దూర్చే లీడ్‌పైపు మళ్లీ యమహాదే. నెల్లూరు ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లకు టంకం పెట్టే పెద్దాయన వీటిని అతికి ఇచ్చారు. అప్పటి నుంచి కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు పెళ్లిళ్లకూ, గుడి ఉత్సవాలకూ ఇదే తీసుకెళుతున్నాను. చూసినవాళ్లు తమకూ ఒకటి చేయించుకోవాలని అడుగుతున్నారు. అందుకే వాడకంలో తేలిన మంచిచెడ్డలు రాస్తున్నాను.

మన బ్యాండు మేళాల్లో ఊదే బూరలు చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి వస్తాయి. అక్కడి జలీ కోఠీ ప్రాంతమంతా ఈ పనే. నా పాత బూర కూడా అక్కడిదే. బెల్లు మందంగా, గట్టిగా ఉండేది, డీజే పెట్టెల పక్కన కూడా దాని గొంతు వినపడేది. వాల్వులు మాత్రం అరిగిపోయి గాలి వదిలేసేవి. పై స్థాయిలో ఒక్క స్వరం నిలబెట్టాలంటే బుగ్గలు నొప్పి పుట్టేవి. ఆ రోజుల్లోనే యమహా వైటీఆర్-2335 ఒకటి చవగ్గా దొరికింది. ఏదో ఊరేగింపులో జనరేటర్ బండి చక్రం కిందపడి దాని బెల్లు అప్పచ్చి అయిపోయింది, వాల్వులకు గీత కూడా పడలేదు.

ఇక్కడ ఒక విషయం. పిస్టన్లు (వాల్వు గొట్టంలో పైకీ కిందికీ జారే ముక్కలు) మాత్రం తీసి ఇంకో బూర గొట్టంలో వేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. పిస్టన్‌కూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది, ఏ పిస్టన్‌ను ఆ గొట్టంలోనే అరగదీసి కూర్చుతారు. ఒకే మోడల్‌లో రెండు బూరల పిస్టన్లు కూడా ఒకదానిలో ఒకటి సరిగా పడవు. తీసుకుంటే మూడు గొట్టాలూ పిస్టన్లూ కలిసిన దిమ్మను మొత్తంగా తీసుకోవాలి. పాతది కొనేటప్పుడు చిన్న పరీక్ష ఉంది. వాల్వు నొక్కకుండా దాని స్లైడును (బయటికి జరిగే వంపు గొట్టాన్ని) బయటికి లాగి, కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు నొక్కండి. టప్‌మని శబ్దం వస్తే వాల్వు గాలి పట్టి ఉంచుతోందని అర్థం. నా పాత బూర ఏ వాల్వుకూ ఆ శబ్దం రాలేదు. యమహా మూడింటికీ వచ్చింది.

బెల్లు అతకడం చూడడానికి పెద్ద పని, నిజానికి సులువైన పని. ట్రంపెట్‌లో గాలి మూడో వాల్వులోకి వెళ్లి మొదటి వాల్వు నుంచి బెల్లులోకి వస్తుంది. ఆ చోట మీరట్ బెల్లు తోక కొంచెం లావుగా ఉంది. పెద్దాయన ఇత్తడి రింగు ఒకటి తిప్పించి, లోపల మెట్టు లేకుండా రెండు గొట్టాల అంచులూ కలిపారు. తగరం-సీసం టంకం 190 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి బెల్లుకు ప్రమాదం లేదు. వెండి టంకం అయితే 600 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి ఇత్తడి మెత్తబడి చిన్న దెబ్బకే సొట్టపడుతుంది. ఆయన ఇంకో మాట కూడా అన్నారు: “గొట్టాన్ని బలవంతంగా వంచి అతకకూడదు నాయనా, అది మళ్లీ తన దారిన తాను లాగుతుంది.” నిజమే. అలా లాగితే వాల్వు గొట్టం వంకరపోయి పిస్టన్ పట్టేస్తుంది. నాకైతే ఇంతవరకు ఒక్క పిస్టన్ కూడా పట్టలేదు.

అసలు గొడవంతా లీడ్‌పైపు దగ్గర. బూర గొంతు బెల్లులో ఉంటుందని మా వాళ్లందరి నమ్మకం. మా బ్యాండు మాస్టరు గారు కూడా మీరట్ బెల్లుకు మీరట్ పైపే జోడీ అని పట్టుబట్టారు. ముందు అదే పెట్టించాం. కింది స్వరాలు బ్రహ్మాండంగా పలికాయి. పైకి వెళ్లేకొద్దీ మధ్య సా, పై సా ఒకదానికొకటి కలవలేదు. పెదవితో ఎంత సర్దినా పై స్వరం ఎప్పుడూ కొంచెం దిగువనే. మా బ్యాండులో మూలపడి ఉన్న పాత కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే, పొట్టిగా కనిపించే బూర) పైపు కూడా పెట్టి చూశాం. అది మొదట్లో సన్నగా ఉంటుంది, ట్రంపెట్ మౌత్‌పీస్ అందులో దూరదు. కార్నెట్ మౌత్‌పీస్‌తో ఊదితే గొంతు మెత్తగా, కమ్మగా వచ్చింది, కానీ వీధిలో పది అడుగుల అవతల వినపడలేదు. చివరికి యమహా పైపునే తిరిగి పెట్టించాక రెండు సాలూ కలిశాయి. లోపల ఆ పైపు ఎంత సన్నగా మొదలై ఎక్కడ ఎంత వెడల్పవుతుందో అదే స్వరాలు ఒకదానితో ఒకటి ఎలా కూర్చుంటాయో తేలుస్తుంది. కంటికి కనిపించదు కనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ కార్నెట్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పాత బ్యాండుల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అది ఇంగ్లండు తయారీ, హై పిచ్ రకం. అక్కడి బ్రాస్ బ్యాండులు 1960ల వరకు శ్రుతికి ఆధారమైన ఏ (A) స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి బదులు దాదాపు 452 దగ్గర పట్టేవి. దాదాపు పావు స్వరం ఎక్కువ. బీ ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం మొత్తం పొడవు 148 సెంటీమీటర్లు. హై పిచ్ అయితే సుమారు 4 సెంటీమీటర్లు తక్కువ. దాని బెల్లు ఎంత ముచ్చటగా ఉన్నా తెచ్చి అతికితే బూర మొత్తం శ్రుతి పైకి పోతుంది. ట్యూనింగ్ స్లైడు (బూర మొత్తం శ్రుతి సర్దే స్లైడు) లాగి సరిచేయవచ్చుగా అంటారు. బెల్లు ఒక్కటే పాతదైతే కొంతవరకు సరే. వాల్వులు కూడా పాతవైతే కుదరదు. రెండో వాల్వు అర్ధస్వరం దించడానికి గొట్టానికి సుమారు 6 శాతం పొడవు కలుపుతుంది, మొదటిది పూర్తి స్వరానికి 12 శాతం. ఆ పొడవులన్నీ పొట్టి గొట్టానికి లెక్కవేసి కోసినవి. ఒక్క స్లైడు లాగితే అవి మారవు. మా మేళంలో ఇప్పుడు కీబోర్డు ఉంది. ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే అది అర్ధస్వరం చొప్పున జరుగుతుంది. ఊరేగింపు మధ్యలో పావు స్వరం కోసం వెతుక్కుంటూ కూర్చునే ఓపిక ఏ కీబోర్డు అబ్బాయికీ లేదు.

ఎండాకాలం ఇంకో పాఠం. రోహిణి కార్తెలో ఒంగోలు వీధుల్లో మధ్యాహ్నపు ఎదురుకోలుకు నిలబడితే బూర శ్రుతి దానంతట అదే పైకి ఎక్కుతుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే శబ్దవేగం సెకనుకు 6 మీటర్లు పెరుగుతుంది మరి. కీబోర్డు ఉన్నచోటే ఉంటుంది. యమహా ట్యూనింగ్ స్లైడు సాఫీగా వస్తుంది కాబట్టి రెండు పాటల మధ్య లాగేస్తాను. పాత బూరలో ఆ స్లైడు శ్రావణమాసంలో బిగుసుకుంటే కార్తీకం దాకా కదిలేది కాదు.

ఇక లోపాలు. మీరట్ బెల్లు బరువు ఎక్కువ, వాల్వుల దిమ్మ తేలిక. బూర ముక్కు ఎప్పుడూ కిందికి వాలుతుంది. గుడి నుంచి మండపం దాకా నడిచి ఊదేసరికి ఎడమచేతి మణికట్టు లాగేస్తుంది. దీనికి మందు దొరకలేదు. రంగులు రెండు రకాలు, బెల్లు ముదురు, మిగిలింది లేత పసుపు. పెళ్లివారిలో ఒకాయన “అప్పు తెచ్చిన బూరా?” అని నవ్వారు కూడా. పాలిష్ పట్టించాక దూరానికి తెలియడం లేదు.

అన్నిటికంటే చికాకు పెట్టింది చిలుము. రేడియేటర్ పనివాళ్లు టంకం పట్టడానికి జింక్ క్లోరైడ్ ఉన్న ఘాటైన ద్రవం పూస్తారు. లారీ రేడియేటర్‌కు అది పెద్ద లెక్కేమీ కాదు. బూర అతుకుల్లో ఆ మిగులు ఉండిపోయి, మైపాడు వైపు ఉప్పుగాలి తోడై, కొన్నాళ్లకే రింగు చుట్టూ పచ్చగా పొంగింది. తర్వాత ఒక బ్రేసు (గొట్టాలను కలిపి పట్టి ఉంచే చిన్న కడ్డీ) ఊడి చేతికి వచ్చింది. మళ్లీ అతికించుకున్నప్పుడు వంటసోడా కలిపిన వేడినీళ్లతో లోపలా బయటా కడిగించాను. ఇప్పుడు ఆ చోటు శుభ్రంగా ఉంది. ఎవరి దగ్గర చేయించినా ఈ కడుగుడు మీరే దగ్గర నిలబడి చేయించండి, వాళ్లకు అది అలవాటైన పని కాదు.

నూనె గురించి కూడా ఒక ముక్క. మావాళ్లు పిస్టన్లకు కొబ్బరినూనె వేస్తారు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున గుడి దగ్గర బూర తీస్తే వాల్వు దిగుతుంది, లేవదు. మంచి వాల్వులకు డబ్బు పెట్టి ఈ పని చేయడం అన్యాయం. వాల్వు నూనె సీసా ఒకటి ఎంతోకాలం వస్తుంది.

మొత్తం ఖర్చు కొత్త యమహా ధరలో సగం కూడా కాలేదు. బజారులో ఉదయం నుంచి రాత్రి దాకా ఊదేవాడికి ఇది కొత్తదానికంటే పనికొచ్చే బూర, ఎందుకంటే యమహా సొంత బెల్లు వీధి మేళానికి పలచన. గదిలో, మైకు ముందు ఊదేవారికి మాత్రం దీని గొంతు మోటుగా అనిపిస్తుంది. వాళ్లకు ఇది చేయించుకోమని చెప్పను. మొదటి, మూడో వాల్వులు కలిపి నొక్కే కింది స్వరం కొంచెం పైన ఉంటుంది, అయితే ఆ లోపం ట్రంపెట్లన్నిటిదీ. మూడో స్లైడు ఉంగరంలో వేలు పెట్టి బయటికి తోస్తే సరిపోతుంది.

మా మాస్టరు గారికి ఇప్పుడు యుఫోనియం (లావు గొంతు పలికే పెద్ద బూర) మీద కన్నుపడింది. నాలుగు వాల్వుల కాంపెన్సేటింగ్ దిమ్మ ఒకటి ఎక్కడైనా దొరికితే మన పాతదాని బెల్లుకు అతికిద్దామంటున్నారు. అందులో గాలి కొన్ని స్వరాలకు వాల్వుల గుండా రెండోసారి తిరిగొస్తుంది, వెనకవైపు చిన్న గొట్టాల గుంపు ఉంటుంది. ఆటోనగర్ పెద్దాయనకు ఫోటో చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, రేడియేటర్ పనిలో పడిపోయారు.