సొంతంగా చేసుకున్న ఛాసిస్ బ్రేసులు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందు చక్రాల మధ్య కారు అడుగున వేసిన బ్రేస్‌ను, అంటే బాడీ వంగకుండా అడ్డంగా బిగించే ఉక్కు పైపును, తీసేయమంటే నాకు మనసొప్పదు. బానెట్ ఎత్తగానే కనిపించే, రెండు పక్కల సస్పెన్షన్ పైకొసలను కలిపే స్ట్రట్ బార్ పోయినా పెద్ద బెంగ ఉండదు. రెండూ నేనే కోసి, వెల్డింగ్ చేసి బిగించుకున్నవే. వీటితోపాటు వెనక సస్పెన్షన్ ఆర్మ్ బాడీకి కలిసే చోట బలం కోసం రేకు ముక్కలు కూడా అతికాను. రోజూ తిప్పే పాత హ్యాచ్‌బ్యాక్‌కు ఇవన్నీ కొన్నేళ్లుగా ఉన్నాయి. కాబట్టి ఏది పనికొచ్చింది, ఏది అంతంతమాత్రం అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

కింది బ్రేస్‌కే పెద్దపీట వేయడానికి ఒక చిన్న లెక్క ఉంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు కాడగా ఉండే సస్పెన్షన్) ఉన్న కారు మలుపు తిరిగేటప్పుడు రోడ్డు టైరును పక్కకు నెడుతుంది. ఆ బలాన్ని బాడీ రెండు చోట్ల ఆపాలి. ఒకటి కింద, చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ దగ్గర. రెండోది పైన, స్ట్రట్ పైకొస బాడీకి బిగిసే స్ట్రట్ టవర్ దగ్గర. లోయర్ ఆర్మ్ చక్రం వైపు కలిసే కీలు, అంటే లోయర్ బాల్ జాయింట్, నేలకు 200 మిల్లీమీటర్ల ఎత్తులో, స్ట్రట్ పైకొస 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. పక్కబలం 300 కిలోలైతే లోయర్ ఆర్మ్ మీద పడేది 400 కిలోలు. టవర్ మీద పడేది 100 కిలోలు, అదీ ఎదురు దిశలో. స్ట్రట్ వాలును, స్ప్రింగ్ బలాన్ని కలుపుకుంటే ఈ అంకెలు కొంత మారతాయి. పక్కభారంలో ఎక్కువ వాటా కిందే పడుతుందన్నది మాత్రం మారదు. అయినా చాలామంది మొదట చేసేది పై బార్‌నే. అది చేయడం తేలిక, చూడ్డానికీ బాగుంటుంది.

కింది బ్రేస్‌కు వాడింది 32 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు మైల్డ్ స్టీల్ పైపు. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో చేసే క్రోమోలీ పైపు అయితే ఇంకా బిగువుగా ఉంటుందని అనుకునేవాళ్లు ఎక్కువ. కానీ సాగకుండా నిలిచే గుణం ఉక్కులన్నిటికీ దాదాపు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. క్రోమోలీ శాశ్వతంగా వంగడానికి, తెగడానికి ఎక్కువ బలం కావాలి, అంతే. మన బ్రేస్ ఎలాగూ తెగేంత భారం మోయదు. అల్యూమినియానికి ఆ అంకె 70 దగ్గరే, కాబట్టి దాంతో చేస్తే పైపు లావు పెంచుకోవాల్సిందే. లావు మహిమ తక్కువేం కాదు. మందం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెండింతలే అవుతుంది, వంపును ఎదిరించే శక్తి మాత్రం దాదాపు ఎనిమిదింతలవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పైపు నిటారుగా ఉండాలి. ఆయిల్ చాంబర్ అడ్డొచ్చిందనో, సైలెన్సర్ పైపు తగులుతుందనో మధ్యలో వంపు పెడితే అది విల్లులా పనిచేస్తుంది. రెండు కొసల నుంచి నొక్కగానే వంపు దగ్గర ఇంకాస్త వంగుతుంది. నా కారులో ఒకే పైపు నేరుగా పోయే దారి లేదు. అందుకని రెండు నిటారు పైపులు వి ఆకారంలో వచ్చి కారు అడుగున అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మీది గట్టి బోల్టు దగ్గర కలిసేలా చేశాను. లోయర్ ఆర్మ్ బోల్టుల దగ్గర 5 మిల్లీమీటర్ల ప్లేట్లు పెట్టాను. వాటి ఆకారం ముందు అట్టముక్క మీద కత్తిరించి, సరిగ్గా కూర్చున్నాకే ఉక్కు కోశాను. కొలతలన్నీ కారు చదును నేల మీద, తన చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు తీసినవే. జాకీ మీద బాడీ కొంచెం మెలి తిరుగుతుంది కాబట్టి అప్పుడు తీసిన కొలతలను నమ్మలేం.

వెల్డింగ్ చల్లారేటప్పుడు లోహాన్ని లాక్కుంటుంది. అందుకని కారుకే బిగించి అక్కడక్కడా చుక్కలుగా వెల్డింగ్ పెట్టాక, బ్రేస్‌ను విప్పి మందమైన ప్లేటుకు బోల్టులతో బిగించి, పూర్తి వెల్డింగ్ దాని మీదే చేశాను. అలా చేసినందుకే బోల్టు రంధ్రాలు ఇప్పటికీ చేత్తో కలిసిపోతున్నాయి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టాల్సిన బ్రేస్ సస్పెన్షన్ పాయింట్లను ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. ప్లేటు మందానికి తగ్గట్టు బోల్టు పొడవు కూడా పెంచుకోవాలి. అసలు బోల్టు ఏ గ్రేడో అదే గ్రేడు కొనాలి. లోయర్ ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను చివరగా బిగించేది కారును కిందికి దించాకే, లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

నడిపేటప్పుడు తేడా మొదట తెలిసింది పెద్ద మలుపుల్లో. స్టీరింగ్ ఒకసారి తిప్పి పట్టుకుంటే కారు ఆ గీత మీదే పోతుంది, మధ్యమధ్య సర్దాల్సిన పని తగ్గింది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు భాగంలో కలిగే చిన్న తడబాటు కూడా పోయింది. దీనికి బదులుగా గరుకు రోడ్డు మీద సన్నటి కంపనం సీటు దాకా వస్తోంది. నాకది సమ్మతమే. నేలకూ బ్రేస్‌కూ మధ్య ఎడం తగ్గడం మాత్రం నిజమైన ఇబ్బంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ల మీద ఇప్పటికీ కొంచెం టెన్షనే.

పై బార్ సంగతి తేల్చుకోవడానికి దాని ఒక కొస వదులు చేసి, అక్కడ సన్నటి కదలికను సూదితో చూపే డయల్ గేజ్ పెట్టి, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి చూశాను. సూది కదిలింది మిల్లీమీటరులో చిన్న భాగమే. టవర్లు మరీ పలచగా ఉన్న కార్లలో, గట్టి స్ప్రింగులు వేసిన కార్లలో ఇంకాస్త కదలొచ్చు. నా కారుకు అది డ్యాష్‌బోర్డు కిర్రుమనడాన్ని తగ్గించింది, అంతవరకే. ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక టవర్‌కు గట్టి దెబ్బ తగిలితే బార్ ఆ దెబ్బను రెండో టవర్‌కు చేరవేయగలదు.

వెనక అతికిన రేకుల కథ వేరు. అవి హ్యాండ్లింగ్ కోసం కాదు, కారు ఆయుష్షు కోసం. బీఎండబ్ల్యూ ఈ46 కారులో వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోరు రేకు చిట్లడం కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. పలచని రేకు మీద చిన్న జాగాలో భారం మళ్ళీమళ్ళీ పడితే జరిగేది అదే. నా కారులో ఒక చిన్న పగులు కనిపించింది. దాని కొసలో 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, పగులును వెల్డ్ చేసి, పైన 2 మిల్లీమీటర్ల రేకు అతికాను. రేకు మూలలన్నీ గుండ్రంగా కోశాను, ఎందుకంటే వాడి మూల దగ్గరే కొత్త పగులు పుడుతుంది. చుట్టూ ఏకబిగిన వెల్డ్ చేయకుండా అక్కడక్కడా చిన్న ముక్కలుగా చేసి, మధ్యలో రంధ్రాల గుండా కూడా అతికితే బాడీ రేకు వేడికి ముడతపడదు.

ఈ పని అందరికీ చెప్పను. బ్యాటరీ తీగ విప్పాలి, పెట్రోలు పైపులు, వైర్లు, లోపలి కార్పెట్ దూరం చేయాలి, పక్కన ఒక మనిషి మంటలార్పే సిలిండరుతో ఉండాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ప్రాణం తీసే ఫాస్జీన్ వాయువు పుడుతుంది, అది ఆ దరిదాపుల్లోకే రానివ్వొద్దు. జింకు పూత ఉన్న రేకును గ్రైండ్ చేసి, గాలి ఆడేచోటే పని చేయాలి. ముందు భాగంలో ఢీకొన్నప్పుడు నలగడానికే చేసిన ఉక్కు దూలాల మీద మాత్రం ఎప్పుడూ రేకు అతకకండి. అవి నలిగితేనే లోపలివాళ్లకు రక్షణ.

ఇవన్నీ చేసే ముందు అరిగిన బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు మార్చండి. పాత బుష్‌లో వదులు మిల్లీమీటర్లలో ఉంటుంది, బాడీ వంపు అంతకన్నా చాలా తక్కువ. బుష్‌లు మార్చకుండా బ్రేస్ వేస్తే తేడా ఏమీ తెలియదు.

ఇక నిర్వహణ అంటే పెద్దగా ఏమీ లేదు. రేకుల వెనక, పైపుల లోపల తుప్పు పట్టకుండా మైనం కొట్టాను, ఇప్పటిదాకా ఎక్కడా పొక్కలేదు. బ్రేస్ ప్లేట్లు బాడీని తాకే ముఖాల మీద పలచని ప్రైమర్ తప్ప పెయింట్ వేయలేదు. మందమైన పెయింట్ నలిగితే బోల్టు బిగువు తగ్గుతుంది. కొత్తగా బిగించాక కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి టార్క్ రెంచ్ పెట్టాను. ఆ తర్వాత టైర్లు మార్పించినప్పుడల్లా చూసుకుంటున్నాను.