కారవాన్ ఇంజను స్టార్ట్ చేయడం: మూడేళ్ళు ఇంట్లో వాడాక నా సమీక్ష

మూడేళ్ళ నుంచి దాదాపు రోజూ రాత్రి చెరువు మీద ఏరేటర్లు వేసొచ్చి, భోంచేసి, ఓ గంట కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ ముందు కూర్చుంటున్నానండి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. ఎగరేసేది ఎక్కువగా ఒకే విమానం, సెస్నా 208 కారవాన్, పీటీ6 అనే టర్బోప్రాప్ ఇంజనుది, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పేది. సిమ్యులేటర్‌లో కలుపుకునే యాడాన్‌గా విడిగా డబ్బులిచ్చి కొనుక్కున్నాను. కాక్‌పిట్ ఎంత బావుంది, పైనుంచి గోదారి ఎలా కనపడుద్ది లాంటివి వీడియోల్లో బోలెడు దొరుకుతాయి, నేను స్టార్టింగ్ ఒక్కటే రాస్తాను, ఎందుకంటే టర్బోప్రాప్ యాడాన్ చేసినోళ్ళు నిజంగా కష్టపడ్డారా లేదా అనేది ఆ మొదటి అరనిమిషంలోనే తెలిసిపోద్ది.

అంతకుముందు నేను వాడిన దాంట్లో స్టార్టర్ వేసి ఫ్యూయల్ ఎప్పుడిచ్చినా ఇంజను అందుకునేది, ముందిచ్చినా అంతే, లేటుగా ఇచ్చినా అంతే. కీబోర్డు మీద రెండు మీటలు నొక్కితే అసలు ఏదీ ముట్టుకోకుండానే అన్నీ అయిపోయేవి. ఆ అలవాటుతోనే ఇది కొన్న రోజు స్టార్టర్ వేసి వెంటనే కండిషన్ లివరు, అంటే ఇంజనుకి ఇంధనం ఇచ్చేదీ ఆపేదీ, తోసేశాను. ఐటీటీ ముల్లు, అంటే టర్బైన్ల మధ్య వేడి చూపించేది, ఎక్కడా ఆగకుండా ఎర్రగీత దాటేసింది, మెయింటెనెన్స్ పేజీ తెరిస్తే ఇంజను పోయిందని ఉంది. బాధేసింది గానీ, దీన్ని తయారుచేసినోళ్ళ మీద గౌరవం కూడా ఆ క్షణమే పుట్టింది.

నాకు వెంటనే మా నాన్నగారి ఆయిలింజను గుర్తొచ్చింది. కాలవ నీళ్ళు చేలోకి తోడటానికి కిర్లోస్కర్ ఇంజను ఉండేది మాకు. పైనున్న చిన్న లివరు ఎత్తిపెట్టి, హ్యాండిల్ పెట్టి తిప్పి తిప్పి, చక్రానికి ఊపొచ్చాక ఆ లివరు పడెయ్యాలి, అప్పుడే డుగ్ డుగ్ మని అందుకుంటది. నేను తొందరపడి ముందే పడేస్తే "ఆగరా, ముందు దాన్ని బాగా తిరగనీ" అనేవారు. పీటీ6లో కారణం వేరు గానీ ఆ ఆగడం మాత్రం అదే. ముందు స్టార్టర్ కంప్రెసర్ని తిప్పి గాలి లోపలికి లాగాలి, ఆ గాలితోనే ఇంధనం మండేది, మంట చుట్టూ తిరిగి లోపలి లోహాన్ని కాపాడేదీ ఆ గాలే. గాలి చాలకముందే ఇంధనం పోస్తే వేడంతా టర్బైన్ బ్లేడ్ల మీద పడుద్ది. హాట్ స్టార్ట్ అంటే ఇదే.

ఇప్పుడు నేను చేసే వరస చెప్తాను. బ్యాటరీ ఆన్ చేసి వోల్టులు చూస్తాను, 24 కన్నా తక్కువుంటే మొదలెట్టను. పవర్ లివరు ఐడిల్, ప్రొపెల్లర్ లివరు పూర్తిగా ముందుకి, కండిషన్ లివరు కటాఫ్, ఫ్యూయల్ బూస్ట్ పంపు ఆన్, రేడియోలన్నీ ఆఫ్. స్టార్టర్ వేయగానే ఇగ్నైటర్లు టిక్ టిక్ టిక్ మని మొదలవుతాయి, ఆయిల్ ప్రెషర్ కదులుద్ది, ఎన్‌జీ, అంటే కంప్రెసర్ తిరిగే వేగం శాతంలో, ఐదు, ఏడు, తొమ్మిది అని ఎక్కుద్ది. 12 శాతం దాటాలి. పీటీ6లో నూరు శాతం అంటే నిమిషానికి 37,500 చుట్లు, కాబట్టి 12 దగ్గరే నాలుగున్నర వేలు తిరుగుతోందన్నమాట. నేను 12 రాగానే కూడా ఇవ్వను, ముల్లు ఇంకా ఎక్కుతుంటే ఎక్కనిచ్చి, అది నిలబడ్డాక అప్పుడు కండిషన్ లివరు ‘లో ఐడిల్’ గాడికి, అంటే ఇంజను నెమ్మదిగా తిరగడానికి సరిపడా ఇంధనం ఇచ్చే చోటికి. ఒకటి రెండు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత హెడ్‌ఫోన్లో భుఫ్ మని చిన్న చప్పుడు, ఆ టిక్కుల వెనకనుంచి సన్నగా ఈల లేస్తది, ఐటీటీ గబగబా పైకి పోద్ది, చెయ్యి మాత్రం లివరు మీంచి తియ్యకూడదు. కారవాన్‌లో ఉండే పీటీ6ఏ-114ఏ రకానికి స్టార్టింగులో ఐటీటీ హద్దు 1090 డిగ్రీలు, అదీ రెండు సెకన్లే. బ్యాటరీ బావుండి టైముకి ఇస్తే అంతదాకా పోనే పోదు, ముల్లు ఎక్కి, ఓ క్షణం నిలబడి, వెనక్కి దిగుద్ది. ఆ దిగడం చూస్తే ఇప్పటికీ నాకు ఎంత హాయిగా ఉంటదో! ఎన్‌జీ 52 దగ్గర కుదురుకున్నాక స్టార్టర్ ఆఫ్, బూస్ట్ నార్మల్.

లివరిచ్చాక పది సెకన్లలో మంట అందుకోకపోతే కటాఫ్ చేసి స్టార్టర్ ఆపెయ్యాలి, లోపల చేరిన ఇంధనం పోవడానికి ఇగ్నిషన్ లేకుండా వట్టిగా తిప్పాలి, మోటరింగ్ అంటారు దాన్ని. స్టార్టర్‌కి కూడా లెక్కుంది, 30 సెకన్లు వేస్తే 60 సెకన్లు ఆపాలి, అలా మూడుసార్లయ్యాక అరగంట వదిలెయ్యాలి. ఈ యాడాన్ ఆ లెక్క నిజంగానే పాటిస్తది, వరసగా వేస్తే స్టార్టర్ కాలిపోద్ది.

కొత్తవాళ్ళు కంగారుపడేది ప్రొపెల్లర్ వెంటనే తిరగట్లేదని. పీటీ6లో ప్రొపెల్లర్ని తిప్పే టర్బైన్ వేరు, కంప్రెసర్ షాఫ్టు వేరు, రెండిటి మధ్యా ఉండేది గాలే, అందుకే నెమ్మదిగా అందుకుంటది. డోర్నియర్ 228లో ఉండే టీపీఈ331 అలా కాదు, మొత్తం ఒకటే షాఫ్టు, స్టార్టర్ ప్రొపెల్లర్ని కూడా మోసుకుంటూ తిప్పాలి. మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, దిగే ఏటీఆర్ 72ది ఇంకో పద్ధతి, కుడి ఇంజను నడుస్తూనే ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి పెట్టొచ్చు, హోటల్ మోడ్ అంటారు. 2024 నవంబరు 9న ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలం వెళ్ళిన ట్విన్ ఆటర్ సీప్లేన్‌కి ఉన్నవి రెండూ పీటీ6లే, ఆ వార్త చూస్తున్నప్పుడు మా ఇంట్లోవాళ్ళంతా విమానాన్ని చూస్తుంటే నా చెవులు ఆ ఈల మీదే ఉన్నాయి.

లివర్ల సంగతి తప్పకుండా చెప్పాలి. సిమ్యులేటర్ కోసం నేను కొన్న లివర్ల సెట్టు రెండో వర్షాకాలానికే చెడింది, మా గాలిలో తేమా ఉప్పూ తెలుసు కదా. కండిషన్ లివరు కటాఫ్‌లో పెట్టి ఎన్‌జీ ఏడు దగ్గర చూస్తున్నాను, చెయ్యి కూడా కదపలేదు, ఐటీటీ లేచిపోయింది. చూస్తే లివరు ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పే లోపలి పొటెన్షియోమీటర్ రీడింగు ముట్టుకోకుండానే వణుకుతోంది, ఆ వణుకుకే ఫ్యూయల్ తెరుచుకుంది. విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొడితే మూడు నెలలు ఆగింది, మళ్ళీ మొదలైంది. చివరికి అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సరు పెట్టించాను, ఏడాదిన్నర నుంచి గొడవ లేదు. తీరం దగ్గర ఉండేవాళ్ళు మొదటే హాల్ సెన్సరుది కొనండి, కటాఫ్ దగ్గర టక్కుమని ఆగే గాడి ఉందో లేదో చూసి మరీ కొనండి. అది లేకపోతే కనీసం సెట్టింగుల్లో ఆ చివర కొంచెం డెడ్‌జోన్, అంటే లివరు కాస్త కదిలినా లెక్కచెయ్యని చోటు, పెట్టుకోండి.

యాడాన్‌లో లోపాలు లేకపోలేదు. వెనకనుంచి గాలి కొడుతుంటే స్టార్టింగులో వేడి పెరగాలి, ఇందులో తేడా ఏమీ తెలీట్లేదు, నాలుగు అప్‌డేట్లు వచ్చినా అది మారలేదు. ఎండ మాత్రం బాగా చేశారు, మే నెలలో లైవ్ వెదర్ పెట్టుకుని రాజమండ్రిలో 43 డిగ్రీల్లో స్టార్ట్ చేస్తే ముల్లు చలికాలం కన్నా బాగా పైదాకా వెళ్తది, బ్యాటరీ కొంచెం డల్లుగా ఉంటే గుండె ఆగినంత పనవుద్ది.

షట్‌డౌన్ కూడా ఇందులో భాగమే అనుకోండి. దిగాక ఐటీటీ తగ్గి ఒక నిమిషం కుదురుగా ఉన్నాకే కటాఫ్ చేయాలి. మొన్న మధురపూడిలో దిగి అలాగే ఆపి, పది నిమిషాల్లో మళ్ళీ బయల్దేరదామని చూస్తే ఐటీటీలో ఇంకా పాత వేడి కనిపిస్తోంది. ముందు కొంచెంసేపు మోటరింగ్ చేసి ఆ వేడి దించాను, నిమిషం ఆగి అప్పుడు స్టార్టర్ వేశాను, ఎన్‌జీ 15 దాకా ఎక్కనిచ్చి లివరిచ్చాను, ముల్లు ఎక్కి చక్కగా దిగింది.