పెళ్లి ఆల్బమా, రోజువారీ రుజువులా? స్పౌజ్ వీసా అప్పీల్‌కు ఏది మేలు?

మా చెల్లెలికి యూకే స్పౌజ్ వీసా (అక్కడున్న భర్త దగ్గరికి వెళ్లే వీసా) రిజెక్ట్ అయితే తిరుపతిలో ఇంటిల్లిపాదీ టెన్షన్ పడి, అప్పీల్ దాకా వెళ్లొచ్చాం కాబట్టి చెబుతున్నాను. లెటర్‌లో రాసింది ఒకటే, ఈ భార్యాభర్తల బంధం నిజమైనదని నమ్మకం కలగలేదట.

మళ్లీ అప్లై చేయడమా, అప్పీలా? ఏదో పేపరు మర్చిపోయో, ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు చూపించలేకో రిజెక్ట్ అయితే ఆ లోటు సరిచేసుకుని కొత్తగా వేసుకోండి. బంధాన్నే అనుమానిస్తే మాత్రం అప్పీలే మేలంటాను. నెలలు పట్టినా, అక్కడ చూసేది జడ్జి, పైగా రిజెక్ట్ అయ్యాక వచ్చిన రుజువులు కూడా చూస్తారు. ఇక్కడి నుంచి అప్లై చేసినవాళ్లకు గడువు లెటర్ అందాక 28 రోజులే.

ఇక రుజువులు. మొదటిసారి మేం పెట్టింది నూట ఇరవై ఫోటోలు, తలంబ్రాలు, అప్పగింతలు, బంధువుల గ్రూప్ ఫోటోలు అన్నీ. అవి పెళ్లి జరిగిందని చెబుతాయి, అంతే, ఆ తర్వాత ఇద్దరూ మొగుడూ పెళ్లాల్లా ఉన్నారా అన్నదే కదా వాళ్ల ప్రశ్న! అప్పీల్‌కు ఫోటోలు పదిహేనుకు తగ్గించి, బావ వచ్చిన ప్రతిసారీ పాస్‌పోర్టులో పడిన ముద్రలు, బోర్డింగ్ పాసులు, ఆయన ఖాతా నుంచి చెల్లెలి ఖాతాకు పంపిన డబ్బు, నెలకు రెండు మూడు రోజుల చొప్పున వాట్సాప్ చాట్లు, కాల్ వివరాలు పెట్టాం. చాట్ మొత్తం ప్రింట్ తీయకండి, ఎవరూ చదవరు, పైగా తెలుగులో ఉన్న ప్రతి ముక్కకూ ఇంగ్లీష్ అనువాదం సర్టిఫై చేయించి పెట్టాలి. డబ్బు చేతికిస్తే రుజువు ఉండదు, ఖాతాలోనే వేయమనండి. మొక్కుకుని కొండమీద పదిమందితో పెళ్లి చేసుకున్నవాళ్లు, జనం ఎందుకు తక్కువో ఒక పేజీ రాసి పెట్టండి, మన ఆచారం అక్కడివాళ్లకు తెలియదు.

మమ్మల్ని ముంచింది ముహూర్తం. తెల్లవారుజామున మూడు గంటలకు. శుభలేఖలో 'బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం' అని ఉంటే, బావ ఫారంలో బుధవారం తేదీ వేశాడు, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో గురువారం తేదీ ఉంది. ఆ తేడానే అనుమానానికి ఒక కారణంగా రాశారు. మనకు సూర్యోదయంతో రోజు మారుతుందని పురోహితుడితో లెటర్ రాయించి, శుభలేఖ అనువాదంతో కలిపి పెట్టాం.

ఇక పేపర్ల మీదే తేల్చమనడమా, హియరింగా? ఫీజు పేపర్లకైతే 80 పౌండ్లు, హియరింగ్‌కు 140. దయచేసి ఆ 60 పౌండ్ల దగ్గర లెక్క చూసుకోకండి. ఇండియాలో కూర్చుని వీడియోలో సాక్ష్యం చెప్పడానికి ఇక్కడి ప్రభుత్వం అభ్యంతరం లేదని చెప్పాలి, అందుకే చెల్లెలు రాతపూర్వక వాంగ్మూలం ఇచ్చింది, మాట్లాడింది అక్కడున్న బావే. అవతలి లాయర్ వేసిన మొదటి ప్రశ్న పెళ్లి తేదీ గురించే. ముహూర్తం లెక్క రెండు నిమిషాల్లో విడమరిచి చెప్పాడు, జడ్జి రాసుకున్నారు, తేదీ గురించి మళ్లీ ఎవరూ అడగలేదు.