పికప్‌కి పికప్ పెరుగుతుందా: కంపెనీ ఎయిర్ బాక్సా, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేకా?

మన దగ్గర పికప్ అంటే యాక్సిలరేటర్ తొక్కితే బండి ఎంత చురుగ్గా అందుకుంటుందనే లెక్క. "మైలేజీ బానే ఉంది గానీ పికప్ లేదు" అనే మాట విననివాడు ఉండడు. టెక్సాస్ వచ్చాక పికప్ అంటే బండి పేరే అయింది. దానికి పికప్ పెంచాలనే యావ మాత్రం మనతోనే విమానం ఎక్కి వచ్చింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఫోర్డ్ వాళ్ల పికప్ ఎఫ్-150 కొన్న తమ్ముళ్లు ఆరు నెలలు తిరక్కుండా అడిగేది ఒకటే: "అన్నా, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేసుకోనా? పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందట."

నా జవాబు ముందే చెప్పేస్తా. వేరే ఏ మార్పూ చేయని బండికి అది అక్కర్లేదు. శబ్దం కోసం కొంటానంటే కాదనను, కానీ శబ్దం కోసమేనని ఒప్పుకుని కొనండి.

బండి కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. హుడ్ ఎత్తితే ఒక పక్కగా నల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, లోపల మడతలు మడతలుగా కాగితం ఫిల్టర్. అక్కడి నుంచి థ్రాటిల్ బాడీ దాకా, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు ఉండే చోటు దాకా, ఒక గొట్టం. ఇవన్నీ పీకేసి నున్నటి వెడల్పాటి గొట్టం, దాని చివర శంకు ఆకారంలో పెద్ద ఫిల్టర్ బిగిస్తే అదే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. ఎఫ్-150 లాంటి బండికి మూడు వందల నుంచి నాలుగు వందల యాభై డాలర్ల దాకా ఉంటుంది. అమ్మేవాళ్లు రెండు మాటలు చెప్తారు: గాలి చల్లగా వస్తుంది, అడ్డు లేకుండా వస్తుంది. రెండూ సూత్రంగా నిజమే. గొడవంతా అంకెల్లో ఉంది.

ముందు చల్లదనం సంగతి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 27 డిగ్రీల సెల్సియస్ అంటే కెల్విన్‌లో 300. అంటే ప్రతి 3 డిగ్రీలకీ గాలి సాంద్రత సుమారు ఒక శాతం మారుతుంది, ఇంజిన్ బలం కూడా ఇంచుమించు అంతే. ఇప్పుడున్న 5.0 లీటర్ ఎఫ్-150కి 400 హార్స్‌పవర్. పదిహేను పెరగాలంటే దాదాపు నాలుగు శాతం కావాలి, అంటే గాలి ఇప్పటికంటే 11 డిగ్రీలు చల్లగా రావాలి. ఎక్కణ్ణుంచి వస్తుంది? కంపెనీ డబ్బా మూతి ఎటు చూస్తోందో ఒక్కసారి చూడండి. ఇప్పటి ట్రక్కులన్నింటిలో అది గ్రిల్ వెనక నుంచో ఫెండర్ పక్క నుంచో బయటి గాలినే పీలుస్తుంది. కంపెనీ పెట్టింది కూడా కోల్డ్ ఎయిర్ ఇన్‌టేకే, పెట్టె మీద ఆ పేరు అచ్చేయలేదు అంతే. బండి కంప్యూటర్ అంకెలు చూపే ఇరవై డాలర్ల ఓబీడీ రీడర్ తగిలించి ఇన్‌టేక్ టెంపరేచర్ చూస్తూ హైవే మీద నడపండి. బయటి వేడికీ దానికీ తేడా కొద్ది డిగ్రీలే కనిపిస్తుంది. బయటున్న గాలి కంటే చల్లటి గాలిని ఏ గొట్టమూ తేలేదు.

ఈ పేరుకి అర్థం ఉన్న కాలం ఒకటి ఉండేది. కార్బొరేటర్ రోజుల్లో ఇంజిన్ నెత్తిన గుండ్రటి పళ్లెంలా ఎయిర్ క్లీనర్ కూర్చునేది. కుర్రాళ్లు దానికి చుట్టూ తెరిచి ఉన్న క్రోమ్ మూత పెట్టేవాళ్లు, అది హుడ్ కింది వేడినే పీల్చేది. అలాంటి బండికి బయటి నుంచి గొట్టం వేస్తే నిజంగానే తేడా తెలిసేది. మందు పాతదే, రోగం మాత్రం కంపెనీలు ఎప్పుడో నయం చేసేశాయి.

అడ్డు సంగతి ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. 5 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 6,000 సార్లు తిరిగితే, రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది కాబట్టి, నిమిషానికి 15,000 లీటర్ల గాలి మింగుతుంది. అంత గాలి ఫిల్టర్ దాటాలంటే కొంత ఒత్తిడి పోతుంది. దాన్ని నీటి అంగుళాల్లో కొలుస్తారు. వాతావరణ ఒత్తిడి మొత్తం 407 నీటి అంగుళాలు. కంపెనీ డబ్బా ఫుల్ థ్రాటిల్‌లో అందులో పది తినేస్తోందనుకుందాం, కొత్త గొట్టం దాన్ని సగానికి తగ్గించిందనుకుందాం. మిగిలింది 5 అంగుళాలు, అంటే ఒకటింబావు శాతం. 400 మీద 5 హార్స్‌పవర్. అది కూడా కాలు నేలకి ఆనేలా తొక్కి, ఇంజిన్ పైచుట్లలో ఉన్నప్పుడే. ఆఫీసుకి వెళ్తూ టోల్‌వే మీద పద్దెనిమిది వందల చుట్ల దగ్గర సాగిపోతున్నప్పుడు గాలిని ఆపుతున్నది ఫిల్టర్ కాదు, థ్రాటిల్ రేకు. దాన్ని మీ కాలే మూసి ఉంచింది. వాకిలి తలుపు వారగా వేసుకుని, వీధి గేటు వెడల్పు చేయిస్తే ఇంట్లోకి గాలి ఎక్కువ వస్తుందా?

మైలేజీ పెరుగుతుందనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. 2009లో ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ అమెరికా ఇంధన శాఖ కోసం దీన్ని పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్‌ని కావాలని మూసుకుపోయేలా చేసి నడిపినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎంత గాలి వస్తే అంతకు తగ్గట్టే కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది గనక. తగ్గింది యాక్సిలరేషన్ మాత్రమే. పాత కార్బొరేటర్ బండికైతే మైలేజీ కూడా కొద్దిగా తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీ తినకపోతే, శుభ్రంగా ఉన్న ఫిల్టర్ తీసి ఇంకోటి పెడితే మైలేజీ ఎలా పెరుగుతుందో నాకు అర్థం కాదు.

మరి డైనో, అంటే బండిని రోలర్ల మీద నడిపి బలం కొలిచే యంత్రం, ఇచ్చే కాగితాల మీద పదిహేను, ఇరవై ఎలా వస్తాయి? హుడ్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి నడిపితే హుడ్ కింది వేడి అన్న సమస్యే ఉండదు. ఇంకో కిటుకు మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ దగ్గర ఉంది. వేడి తీగ మీదుగా పోయే గాలిని బట్టి కంప్యూటర్ మొత్తం గాలిని అంచనా కడుతుంది, ఆ లెక్క కంపెనీ గొట్టం వ్యాసానికి కట్టిన లెక్క. గొట్టం వెడల్పయితే గాలి తక్కువ వస్తోందని అది పొరబడి పెట్రోలు తగ్గిస్తుంది. మిశ్రమం పలచబడి కాసేపు బలం పెరిగినట్టు చూపిస్తుంది. తర్వాత కంప్యూటర్ సర్దుకుంటుంది. సర్దుకోలేకపోతే చెక్ ఇంజిన్ లైటు వెలిగి మిశ్రమం పలచగా ఉందని చెప్పే పి0171, పి0174 కోడ్‌లు పడతాయి. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, హారిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. ఆ లైటుతో వెళ్తే తిప్పి పంపిస్తారు.

ఇప్పుడు కొనేవాడి ముందున్న రకాలు. తెరిచి ఉన్న శంకు ఫిల్టర్, దాని పక్కన ఒక రేకు అడ్డం, ఇదే అందరికంటే చవక. నా లెక్కలో అందరికంటే దండగ కూడా. ఆగస్టు మధ్యాహ్నం డాలస్ 635 హైవే మీద ట్రాఫిక్‌లో బంపర్‌కి బంపర్ ఆనించి నిలబడ్డప్పుడు అది పీల్చేది రేడియేటర్ వేడి. కోల్డ్ ఎయిర్ అని కొని వేడి గాలి తాగించడమే. అన్ని వైపులా మూసిన డబ్బాతో వచ్చేవి నయం, నాలుగు వందలు దాటేది ఇవే. కంపెనీ డబ్బాకంటే పెద్ద ఫిల్టర్, బయటి గాలికి సరైన దారి ఉంటాయి. కానీ ఓపిగ్గా చూస్తే అది కంపెనీ డబ్బాకే పెద్దన్న. అల్యూమినియం గొట్టమా, ప్లాస్టిక్ గొట్టమా అని కొట్టుకునేవాళ్లకి ఒక లెక్క: మూడున్నర అంగుళాల గొట్టంలో ఫుల్ థ్రాటిల్‌లో గాలి సెకనుకి 40 మీటర్ల వేగంతో పోతుంది. రెండడుగుల గొట్టం దాటడానికి సెకనులో అరవయ్యో వంతు చాలు. ఆ కాస్తలో వేడెక్కే తీరిక దానికెక్కడిది.

మధ్యే మార్గం ఇంకోటి ఉంది: డబ్బా కంపెనీదే ఉంచి లోపల కాగితం బదులు నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ వేయడం. అరవై నుంచి తొంభై డాలర్లు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కడిగే ఓపిక ఉన్నవాడికి ఇది పదేళ్లలో డబ్బు మిగులుస్తుంది. కానీ నూనె ఎక్కువ పూస్తే ఆ తడి పోయి సెన్సర్ తీగకి అంటుకుంటుంది, మళ్లీ అవే కోడ్‌లు. మన ఇళ్లల్లో తలకి నూనె పెట్టినట్టు ఫిల్టర్‌కి పెట్టకూడదు.

దుమ్ము గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం అదే అసలు ప్రశ్న. ఫిల్టర్ ఉన్నది దుమ్ము ఆపడానికి, గాలి పంపడానికి ఫిల్టరే అక్కర్లేదు. రోడ్డు దుమ్ములో ఉండే సిలికా సిలిండర్ గోడల్నీ రింగుల్నీ గరుకు కాగితంలా అరగదీస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీలు చూసినవాళ్లకి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్లు గుర్తుండే ఉంటాయి. విప్పితే అడుగున గుజ్జుగుజ్జుగా దిగిన మట్టి చూస్తే ఇంజిన్‌లోకి ఏం పోయేదో అర్థమవుతుంది. ఫిల్టర్లని కొలిచే పద్ధతికి ఐఎస్ఓ 5011 అని పేరు. అందులో అడ్డు ఎంత, దుమ్ము ఎంత ఆపింది, ఎంత పట్టాక మూసుకుపోయింది, మూడూ చూస్తారు. గాలి సులువుగా పోనిచ్చేది తరచు దుమ్మునీ కాస్త ఎక్కువే పోనిస్తుంది. ఇంకో విడ్డూరం, కొత్త ఫిల్టర్ కంటే కాస్త వాడిన ఫిల్టరే దుమ్ము బాగా ఆపుతుంది, పట్టిన దుమ్మే ఇంకో జల్లెడలా పనిచేస్తుంది కాబట్టి. మిడ్‌ల్యాండ్, ఒడెస్సా వైపు ఆయిల్ ఫీల్డ్ మట్టి రోడ్ల మీద తిరిగే బండికి నేను కళ్లు మూసుకుని కంపెనీ కాగితమే చెప్తా. కాటన్ వద్దు, శంకు అసలే వద్దు.

ఫోర్డ్ టర్బో ఇంజిన్ ఎకోబూస్ట్ ఉన్నవాళ్లు "మాది టర్బో కదా" అంటారు. 3.5 ఎకోబూస్ట్‌లో ఎంత టార్క్ ఇవ్వాలో కంప్యూటర్ ముందే నిర్ణయిస్తుంది, టర్బో ఆ మేరకే ఊదుతుంది. ఇన్‌టేక్ మారిస్తే టర్బోకి శ్రమ కాస్త తగ్గుతుందేమో గానీ గమ్యం మారదు. పైగా టర్బో గాలిని నొక్కి వేడెక్కించాక ఇంటర్‌కూలర్ మళ్లీ చల్లారుస్తుంది. ముందు రెండు డిగ్రీలు తగ్గించిన పుణ్యం చాలావరకు అక్కడే కలిసిపోతుంది. డీజిల్‌కి బలాన్ని అదుపు చేసే థ్రాటిల్ రేకు లేదు గనక అడ్డు లెక్క కొంచెం మారుతుంది. అయినా ఫోర్డ్ పెద్ద ట్రక్కు సూపర్ డ్యూటీ లాంటి బండ్లకి డబ్బా మీదే ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో చూపే చిన్న గేజ్ ఉంటుంది. అది చెప్పేదాకా ఫిల్టర్ ముట్టుకోనక్కర్లేదు.

ట్యూన్, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పు, చేయిస్తే కథ మారుతుంది. కంప్యూటర్ లెక్కలు కొత్త గొట్టానికి సరిపడా మార్చి, టర్బో ఊదే ఒత్తిడి (బూస్ట్) పెంచి, ప్రీమియం పెట్రోలు పోస్తే ఇంజిన్ నిజంగా ఎక్కువ గాలి అడుగుతుంది. అప్పుడు కంపెనీ డబ్బా ఇరుకవ్వచ్చు, మూసిన డబ్బా ఇన్‌టేక్ దాని ఖరీదుకి న్యాయం చేస్తుంది. అయితే ఆ లాభంలో పెద్ద వాటా ట్యూన్‌ది, గొట్టానిది చిన్నది. వారంటీ భయం కూడా అక్కడే. 1975 నాటి అమెరికా వారంటీ చట్టం మాగ్నసన్-మాస్ ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం కొట్టేయడానికి లేదు, చెడిపోయింది ఆ భాగం వల్లేనని చూపాలి. గొట్టం వల్ల పిస్టన్ పోయిందని చూపడం కష్టం. ట్యూన్ వల్ల పోయిందని చూపడం అంత కష్టం కాదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లయితే పెట్టె మీద కార్బ్ (ఆ రాష్ట్ర గాలి కాలుష్య బోర్డు) ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్, అంటే అనుమతి నంబర్, లేనిది కొననే కొనకండి, అక్కడి పొగ పరీక్ష స్మాగ్ చెక్‌లో కళ్లతో చూసే ఫెయిల్ చేస్తారు.

ఇక శబ్దం. కంపెనీ డబ్బా పక్కన కనిపించే ఖాళీ బుడగల్లాంటి గదులు రెజొనేటర్లు, ఇంజిన్ పీల్చే హోరుని మింగడానికే పెట్టారు. అవి తీసేస్తే తొక్కిన ప్రతిసారీ బండి బుస కొడుతుంది. చెవికి బలంగా వినిపిస్తే నడుముకీ బలంగానే అనిపిస్తుంది. "వేసిన రోజే తేడా తెలిసిందన్నా" అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు, చెవితో తెలుసుకున్నారు. ఫోర్డ్‌కీ ఈ సంగతి తెలుసు. ఎకోబూస్ట్ ఎఫ్-150ల్లో ఇంజిన్ శబ్దాన్ని స్పీకర్లలోంచి పెంచి వినిపించేది, 2015లో వాషింగ్టన్ పోస్ట్ రాశాక చాలామంది ముక్కున వేలేసుకున్నారు. దానికంటే గొట్టం శబ్దమే నిజాయితీ గలది.

అదే నాలుగు వందలు నా చేతిలో పెట్టి, ట్రైలర్ లాగే 3.5 ఎకోబూస్ట్ ఇస్తే, లాగే రోజుల్లో ప్రీమియం పెట్రోలు కొడతా. బరువు లాగేటప్పుడు అదే వాడమని ఫోర్డ్ మాన్యువల్లోనే ఉంది. ఎండలో, ఎత్తు ఎక్కేటప్పుడు నాక్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటకలాడడం) రాకుండా కంప్యూటర్ బలం తగ్గించుకోవాల్సిన అవసరం తగ్గుతుంది, ఆ తేడా కాలికి తెలుస్తుంది. ట్యాంకుకి ఇరవై డాలర్లు ఎక్కువ పడుతుందనుకున్నా ఇరవై ట్యాంకులు. మిగతా రోజుల్లో పాతిక డాలర్ల కాగితం ఫిల్టర్, మాన్యువల్ చెప్పిన మైళ్లకి మార్చడం.

ఇన్‌టేక్ ముందే బిగించి ఉన్న సెకండ్ హ్యాండ్ ట్రక్ కొనబోతున్నవాళ్లు మాత్రం ఒక పని చేయండి. క్లాంప్ వదులు చేసి గొట్టం ఊడదీసి, ఫిల్టర్ దాటాక ఉండే లోపలి గోడని తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగానే వస్తే ధర మాట్లాడండి. మట్టి రంగు అంటిందా, అమ్మేవాడు ఎంత మంచివాడైనా ఆ గొట్టం మళ్లీ బిగించి, దండం పెట్టి వచ్చేయండి.