స్కాట్లండ్ పాలేరు ఇంటి జాడ తీయాలంటే 1841, 1851, 1861 లెక్కల్లో ఏది మేలు?

స్కాట్లండ్ పాత జనాభా లెక్కల అసలు పేజీలు చూడాలంటే స్కాట్లండ్స్‌పీపుల్ సైట్‌లో క్రెడిట్లు కొనుక్కోవాలి. కాబట్టి ఏ సంవత్సరంది ముందు తెరవాలో చూసుకోవడం మంచిది. ఒకే ఊళ్లో తరాలుగా ఉన్న భూస్వామిని వెతికేటప్పుడు ఏది తెరిచినా పెద్ద తేడా పడదు. పొలం పని చేసేవాళ్ల ఇల్లయితే పడుతుంది.

1841 జూన్ 6 నాటి లెక్క బాగా పొదుపరి. 15 దాటినవాళ్ల వయసు ఐదేసి లెక్కన కిందికి దించి రాయమన్నారు, అంటే 44 ఏళ్లవాడు 40 అవుతాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. ఆగ్నేయ స్కాట్లండ్‌లోని బెరిక్‌షైర్‌లో ఒక 'హైండ్' ఇల్లు అనుకుందాం. హైండ్ అంటే పెళ్లయి, ఏడాది జీతానికి కుదిరిన పాలేరు. అతను, భార్య, నలుగురు పిల్లలు, చివర్లో వేరే ఇంటిపేరుతో 20 ఏళ్ల అమ్మాయి. మరదలా? చుట్టమా? ఆ పేజీ ఎంత చూసినా తేలదు.

1851 మార్చి 30 లెక్కలో అలాంటి అమ్మాయి పక్కన 'సర్వెంట్' అని, వృత్తి దగ్గర 'ఔట్‌వర్కర్' (పొలం పని చేసే మనిషి) అని కనిపించవచ్చు. పాలేరు ఇంట్లో పనిమనిషి ఏమిటి, బాగానే ఉన్నవాళ్లేమో అనిపిస్తుంది. అదేం కాదు. ఆగ్నేయ స్కాట్లండ్‌లో హైండ్ పనికి కుదిరితే, తనతోపాటు పొలం పనికి ఒక ఆడమనిషిని కూడా తేవాలి. ఆమెను 'బాండేజర్' అనేవారు. ఎదిగిన కూతురుంటే సరేసరి, లేకపోతే పరాయి పిల్లను కుదుర్చుకుని, జీతమిచ్చి, తిండి పెట్టి తన ఇంట్లోనే ఉంచుకోవాలి. ఆమె కష్టం రైతు పొలానికి, పోషణ భారం హైండ్‌కి! అతని జీతంలో ఎక్కువ భాగం ఓట్స్ పిండి, బార్లీ, ఆవు మేపు రూపంలోనే వచ్చేది.

1851 నుంచి ఎవరు ఏ పారిష్‌లో (ఒక చర్చి కిందకి వచ్చే ప్రాంతం) పుట్టారో కూడా రాశారు. పెద్దవాడు ఒక పారిష్, రెండోది ఇంకో పారిష్, మూడోవాడు మరోచోట అని ఉంటే కుటుంబం తిరిగిన దారి తెలిసిపోతుంది. ఒప్పందాలు మే నెలలో తీరేవి, తీరగానే చాలామంది సామాను బండికెత్తుకుని మరో పొలానికి వెళ్లేవారు. అందుకే మార్చి లెక్కలో ఉన్న ఇంట్లో జూన్‌కి వాళ్లు ఉంటారన్న గ్యారంటీ లేదు. పద్నాలుగేళ్ల కొడుకు ఇంటి జాబితాలో లేడంటే పోయాడని టెన్షన్ పడక్కర్లేదు. ఏ రైతు ఇంటి పేజీలోనో పనివాడిగా దొరకవచ్చు, తూర్పు తీరంలోని ఆంగస్ కౌంటీ వైపైతే పెళ్లికాని కుర్రాళ్లుండే 'బోతీ'లోనూ వెతకాలి.

నా ఓటు మాత్రం 1861 ఏప్రిల్ 7 లెక్కకే. 1851 ఇచ్చినవన్నీ ఇస్తూ, ఇంట్లో కిటికీ ఉన్న గదులెన్ని, 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో బడికి వెళ్లేవారెందరు అనేవి కూడా చెబుతుంది. ఎనిమిదిమందికి ఎదురుగా గదుల కాలమ్‌లో '1' చూస్తే ఆ ఇల్లు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. పైగా 1855 జనవరి 1 నుంచి జననాల నమోదు తప్పనిసరైంది. 1861లో అయిదేళ్లలోపు పిల్లలుంటే, వాళ్లు స్కాట్లండ్‌లోనే పుట్టి ఉంటే, జనన రిజిస్టర్‌లో పుట్టిన చోటు, తల్లి పుట్టింటి ఇంటిపేరు వెతకవచ్చు.

ఇంటిపెద్ద 1861 లోపే చనిపోయినా, కుటుంబం వలస వెళ్లిపోయినా 1851 తెరవండి. 1841కి ఆఖర్న రండి. పాత జనాభా లెక్కలను ఉచితంగా చూపే ఫ్రీసెన్ సైట్‌లో మీ కౌంటీ ఉందేమో చూశాకే దానికి డబ్బు పెట్టండి.