ఒక్కడినే బండి మీద: బనగానపల్లె నుంచి గండికోట దాకా

కర్నూలు నుంచి గండికోటకు బండి మీద వెళ్ళేవాళ్ళు ఎక్కువగా నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా హైవే పట్టుకుంటారు. దారి బాగుంటుంది, తొందరగా చేరతారు. ఒంటరిగా వెళ్తుంటే మాత్రం పాణ్యం దగ్గరే హైవే వదిలేయమంటాను. బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, తాడిపత్రి మీదుగా చుట్టు తిరిగితే దూరం పెరుగుతుంది. కానీ ఆగి చూడాలనిపించేవన్నీ ఆ దారిలోనే ఉన్నాయి.

నేను సంక్రాంతి దాటాక వెళ్ళాను. నల్లరేగడి చేలల్లో శనగ కోతకొచ్చింది. పల్లెల దగ్గర కంది కట్టెను రోడ్డు మీద పరిచి ఉంచారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. కారుకు ఇబ్బంది లేదు గానీ మన బండి దాని మీద బ్రేకు వేస్తే జారుతుంది. ముందే వేగం తగ్గించి, బ్రేకు ముట్టకుండా దాటాలి. కళ్ళం లేని రైతు ఇంకెక్కడ పరుస్తాడు? మనమే చూసుకుని పోవాలి. అవుకులో టీకి ఆగితే ఒక పెద్దాయన "యాడికి పోతాండావు నాయనా, ఒంటిగా?" అని అడిగి, రోడ్డు ఎక్కడ పాడైందో, ఎక్కడ తిరగాలో బెంచీ మీద వేలితో గీసి చూపించాడు. ఫోన్లో మ్యాప్ చెప్పిన దారి కంటే అదే మేలైంది.

అవుకు రాకముందే, బనగానపల్లె దగ్గరున్న యాగంటి గుడి చూశాను. కొండల నడుమ కోనేరు, అగస్త్యుడి గుహ, పెరుగుతున్నాడని చెప్పుకునే బసవన్న. తెల్లవారగానే వెళ్తే జనం తక్కువ.

కొలిమిగుండ్ల దగ్గరున్న బేలం గుహలకు కనీసం రెండు గంటలు పెట్టుకోండి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని వెళ్ళనిస్తారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1982–83లో జర్మన్లు లోపల కొలతలు తీశారు, 2002లో సందర్శకులకు తెరిచారు. నీళ్ళు సున్నపురాయిని తొలిచిన గోడలు మడతలు మడతలుగా ఉంటాయి. గుహలో అన్నిటికంటే లోతైన చోటు, పాతాళగంగ దాకా దిగితే చలికాలంలో కూడా చెమటతో తడిసిపోతాం. కాబట్టి జాకెట్, హెల్మెట్, బ్యాగు మోసుకుని దిగొద్దు. నేను బయట కొట్లో పెట్టి వెళ్ళాను. కొట్టామె డబ్బు తీసుకోలేదు, బలవంతపెడితే రెండు సోడాలు కొనమంది.

కొలిమిగుండ్ల నుంచి తాడిపత్రి దాకా ఉన్న ముక్కే ఈ దారిలో టెన్షన్ పెట్టేది. నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు, తెల్లటి దుమ్ము, రోడ్డంచున రాతి పెచ్చులు. పంచర్ కిట్ ఉండాల్సిందే. చీకటి పడ్డాక ఆ రోడ్డెక్కొద్దు.

తాడిపత్రిని చాలామంది దాటేసి పోతారు, నాకు అదే బాధ. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో రెండు గోపురాలు పైదాకా లేవకుండానే ఆగిపోయాయి. పైభాగం లేకపోవడంతో కళ్ళు కింది రాతి మీదే నిలుస్తాయి. అంత సన్నని చెక్కడం నేను హంపీలో కూడా కొన్నిచోట్లే చూశాను. చింతల వెంకటరమణుడి గుడిలో రాతి రథం ఉంది. రెండూ గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల కాలానివి. ఇవి చూసి కోటకు వెళ్తే, అక్కడి బోసి గోడల వెనక ఎంత సంపద ఉండేదో అర్థమవుతుంది. పొద్దున ఉగ్గాని బజ్జీ తిని గుడులకు వెళ్ళండి, ఎండ ముదిరితే రాయి కాళ్ళు కాలుస్తుంది.

బస విషయంలో ఒంటరి ప్రయాణికుడికి ఒక చిక్కుంది. దారిలో ఒక ఊళ్ళో లాడ్జి వాళ్ళు ఆధార్ కార్డయినా చూడకుండా "సింగిల్‌కు రూము ఇవ్వం సార్" అన్నారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు గదిలో ఏమైనా చేసుకుంటే తమ మీదికొస్తుందని వాళ్ళ భయం. భయం అర్థమవుతుంది, కానీ దినమంతా బండి తోలి వచ్చిన మనిషిని రాత్రిపూట తిప్పి పంపడం తప్పు. బయల్దేరే ముందే ఫోన్ చేసి, ఒక్కడినే వస్తున్నానని చెప్పి, సరేనంటేనే ఆ ఊరు పెట్టుకోండి.

గండికోటలో లోయ అంచున గుడారాలు వేసి ఇస్తారు. గుంపుగా వచ్చేవాళ్ళకు బాగుంటాయి. నేను చూసిన రాత్రి పాటల మోత అర్ధరాత్రి దాకా ఆగలేదు. మర్నాడు బండి తోలాల్సినవాడికి నిద్ర ముఖ్యం. పదిహేను కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో గది శుభ్రంగా ఉంది, రాగి సంగటి, నాటుకోడి పులుసు కూడా దొరికాయి. తెల్లవారుజామున అక్కడి నుంచి బయల్దేరితే సూర్యోదయానికి లోయ దగ్గరుంటాం. ఫొటోలు తీసుకుని తిరిగిపోకుండా మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడండి. 1652లో ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసింది ఈ కోటలోనే. గుడిలో విగ్రహం లేదు, స్తంభాల వరస మాత్రం చెక్కుచెదరలేదు. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. పక్కన చేయి పట్టుకునే మనిషి లేనప్పుడు చివరి బండల దాకా వెళ్ళకండి.